స్ట్రాట్ గిటార్‌కి 13 గేజ్ తీగలు వేయాలా, ఈ-ఫ్లాట్‌కి దించాలా?

ఒంగోలు తమ్ముడు ఒకరు అడిగింది క్లుప్తంగా ఇది. స్ట్రాట్ మోడల్ ఎలక్ట్రిక్ గిటార్ ఉంది, దాని మీద కంపెనీ వేసిన 09 సెట్టే ఇంకా ఉంది. అమెరికన్ బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ 13 గేజ్ తీగలు, అంటే బాగా లావు తీగలు వేసి, గిటార్‌ని అర మెట్టు కిందికి, అంటే ఈ-ఫ్లాట్‌కి శ్రుతి చేసేవాడని విన్నాడు. ఆ టోన్ రావాలంటే తనూ 13 వేయాలా? ఈ-ఫ్లాట్‌కి దించేస్తే ఆదివారం చర్చిలో ఎలా వాయించాలి? స్లయిడ్ (వేలికి గొట్టం తొడిగి తీగల మీద జార్చి వాయించడం) నేర్చుకోవాలంటే ఏ ట్యూనింగ్ మంచిది? తీగలు నెల తిరగకముందే ఎందుకు తుప్పు పడుతున్నాయి?

తమ్ముడూ, ముందు సూటిగా చెప్పేస్తాను. 13 వద్దు. 10-46 సెట్ (మొదటి తీగ 10, ఆరో తీగ 46) తెచ్చి వేసి, గిటార్ మొత్తాన్ని అర మెట్టు దించి ఈ-ఫ్లాట్‌లో పెట్టుకో. కొన్ని నెలలు అలాగే వాయించు. ఇంకా గట్టి తీగ కావాలని నీ చెయ్యే అడిగితే అప్పుడు 11కి వెళ్ళు. చర్చికి మొదటి ఫ్రెట్‌లో (మెడ మీది మొదటి అడ్డ కమ్మీ దగ్గర) క్యాపో, అంటే తీగలన్నిటినీ కలిపి నొక్కి పట్టే క్లిప్ పెడితే చాలు. స్లయిడ్ కోసం ఈ గిటార్‌ని కదపకు, వేరే పాత గిటార్ ఏదైనా దొరికితే దాన్ని ఓపెన్ డి ట్యూనింగ్‌లో పెట్టుకో, అదేమిటో చివర్లో చెబుతాను.

నేను నెల్లూరులో గిటార్లు సెటప్ చేస్తాను, ఆర్కెస్ట్రాల్లో వాయిస్తాను. కావలి నుంచి, కందుకూరు నుంచి, మీ ఒంగోలు నుంచి గిటార్లు పట్టుకుని వచ్చే కుర్రాళ్ళలో చాలామంది గేజ్ గురించి ఒక ప్రశ్న, ట్యూనింగ్ గురించి ఇంకో ప్రశ్న అడుగుతారు. అవి రెండు ప్రశ్నలు కావు. తీగ ఎంత మందం, ఏ శ్రుతిలో ఉంది, గిటార్ స్కేల్ (మెడ చివరి నట్ నుంచి ఒంటి మీది బ్రిడ్జ్ వరకు, తీగ మోగే భాగం) ఎంత పొడవు, ఈ మూడూ కలిస్తేనే నీ వేలికి తగిలే టెన్షన్, అంటే తీగ బిగువు. ఒక్క గేజ్ నంబర్ విని ఇంకొకరిని అనుకరించబోతే చేతులు పాడవుతాయి.

లెక్క చెబుతాను, కష్టమేమీ కాదు. 10 గేజ్ అంటే మొదటి తీగ మందం 0.010 అంగుళం, అంటే పావు మిల్లీమీటర్. ఒకే శ్రుతిలో ఉంచితే టెన్షన్ మందానికి వర్గంగా పెరుగుతుంది. 09 నుంచి 10కి వెళ్తే చూడటానికి తేడా ఒక్క అంకే, కానీ మొదటి తీగ టెన్షన్ సుమారు 23 శాతం పెరుగుతుంది. 10 నుంచి 13కి వెళ్తే ఏకంగా 69 శాతం. శ్రుతి అర మెట్టు దించితే టెన్షన్ సుమారు 11 శాతం తగ్గుతుంది, పూర్తి మెట్టు దించితే 20 శాతం పైగా తగ్గుతుంది. స్కేల్ పొడవు కూడా లెక్కలోకి వస్తుంది. ఫెండర్ స్ట్రాట్ స్కేల్ 25.5 అంగుళాలు, గిబ్సన్ గిటార్లకు సుమారు 24.75. అదే తీగ, అదే శ్రుతి గిబ్సన్ మీద దాదాపు 6 శాతం మెత్తగా ఉంటుంది.

ఇప్పుడు ఈ లెక్క నీ గిటార్‌కి పెట్టి చూడు. ఈ-ఫ్లాట్‌లో 13 మొదటి తీగ, మామూలు ట్యూనింగ్‌లో 12 కన్నా కాస్త గట్టి. కిలోల్లో చెప్పాలంటే సుమారు 11 కిలోల లాగు. నీ 09 తీగ మీద ఇప్పుడున్నది 6 కిలోలే. ఈ-ఫ్లాట్‌లో 11 అయితే మామూలు 10 కన్నా కొంచెం గట్టి. ఈ-ఫ్లాట్‌లో 10 అయితే మామూలు 09కీ 10కీ సరిగ్గా మధ్యలో పడుతుంది. అంటే నేను చెప్పిన మార్పు వల్ల నీ వేలికి పెరిగే బరువు పది శాతమే. తీగ మాత్రం మందమవుతుంది, శబ్దానికి కండ వస్తుంది, శ్రుతి కిందికి దిగి ఆ బ్లూస్ గొంతు కూడా వస్తుంది.

వాన్ సంగతి పూర్తిగా తెలుసుకుంటే మంచిది. ఆయన సెట్ 13, 15, 19, 28, 38, 58 అని చెప్పుకుంటారు, ఈ-ఫ్లాట్‌లో. ఆయన వేళ్ళు చాలా బలమైనవి, ఫ్రెట్లు పెద్దవి, పిక్‌తో కొట్టే దెబ్బ ఇంకా బలమైనది. అంత చెయ్యి ఉన్నా వేలి చివర చర్మం లేచిపోయేది, సూపర్ గ్లూతో అంటించుకుని స్టేజీ ఎక్కేవాడు. వేళ్ళు తట్టుకోలేనప్పుడు మొదటి తీగను సన్నం చేసిన సందర్భాలూ ఉన్నాయి. ఆ గ్లూ పని మాత్రం నువ్వు చేయకు.

ఇక అవతలి వైపు చూడు. వాన్ ఎంతో అభిమానించిన జిమీ హెండ్రిక్స్ కూడా 1967 తర్వాత ఎక్కువగా ఈ-ఫ్లాట్‌లోనే వాయించాడు, కానీ తీగలు 10 నుంచి 38 వరకే అంటారు. అదే శ్రుతి, అదే స్ట్రాట్, తీగలు మాత్రం అంత తేలిక. బ్లూస్ గిటారిస్ట్ బి.బి. కింగ్ మామూలు ట్యూనింగ్‌లో, గిబ్సన్ గిటార్ మీద, పై తీగ 10, కింద బాస్ తీగ 54 వాడేవాడు. సోలో తీగలు మెత్తగా, బాస్ తీగలు లావుగా ఉండే ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం. జీజీ టాప్ బ్యాండ్ బిల్లీ గిబ్బన్స్ అయితే 07 దాకా వెళ్ళాడు. ఆయన పేరు మీద డన్‌లాప్ కంపెనీ 7-38 సెట్ కూడా అమ్ముతోంది. తన గిటార్ మీదున్న లావు తీగలు చూసి, ఎందుకు అంత కష్టపడుతున్నావని బి.బి. కింగ్ అడిగాడనీ, అప్పుడే సన్నటి తీగలకు మారాననీ గిబ్బన్స్ చాలాసార్లు చెప్పాడు. ఆయన టోన్‌ని సన్నం అని ఎవరూ అనలేదు.

బ్లాక్ సబ్బాత్ గిటారిస్ట్ టోనీ ఐయోమీది ఇంకో దారి. ఫ్యాక్టరీ ప్రమాదంలో కుడిచేతి రెండు వేళ్ళ చివర్లు పోయాయి. ఆయన ఎడమచేతి వాటం మనిషి కాబట్టి ఫ్రెట్లు నొక్కేది ఆ చేతితోనే. అందుకే సన్నటి తీగలు వెతికి వేసుకున్నాడు, 1971 నాటికి కొన్ని పాటలకు శ్రుతిని ఏకంగా ఒకటిన్నర మెట్లు కిందికి దించాడు. తన చేతికి తగ్గట్టు తీగనూ శ్రుతినీ కలిపి మార్చుకున్నాడు.

లావు తీగలు వేస్తే లావు టోన్ వస్తుందన్న మాటలో నిజం లేకపోలేదు. మందమైన తీగలో ఇనుము ఎక్కువ, పికప్‌కి (తీగ కదలికను పట్టే అయస్కాంతానికి) సిగ్నల్ ఎక్కువ వెళ్తుంది. గట్టిగా కొట్టినా తీగ అదుపు తప్పదు, శ్రుతి ఊగదు. కానీ ఆ తేడాలో చాలా భాగం పికప్‌ని కాస్త పైకి లేపితేనే వచ్చేస్తుంది. పిక్ మందం మార్చు, ఆంప్‌లో గెయిన్ తగ్గించి వాల్యూమ్ పెంచు, అప్పుడు విను. బ్లూస్‌లో టోన్ చెడగొట్టేది సన్నటి తీగ కాదు, స్వరానికి చేరని బెండ్ (తీగను పక్కకు లాగి స్వరం పెంచడం). తీగ లాగలేక ముప్పావు దూరంలో ఆగిపోయిన బెండ్ వింటే ఎంత ఖరీదైన గిటార్ అయినా చెవికి బాధగా ఉంటుంది.

బెండ్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే గేజ్ నిర్ణయించాల్సింది ఇక్కడే. ఒకే శ్రుతిలో ఉన్న 09నీ 11నీ ఒక మెట్టు పైకి లాగాలంటే వేలు నెట్టాల్సిన దూరం దాదాపు ఒకటే, బలం మాత్రమే వేరు. శ్రుతి కిందికి దించితే దూరం కూడా తగ్గుతుంది. వదులైన తీగ కొంచెం సాగినా స్వరం ఎక్కువ పైకి పోతుంది. ఈ-ఫ్లాట్‌లో బెండ్లు సుఖంగా ఉండటానికి కారణం ఇదే. మూడో తీగకు చుట్టు (తీగ మీద చుట్టిన సన్నటి లోహపు తీగ) ఉందా లేదా అన్నది కూడా పెద్ద తేడా. చుట్టు ఉన్న మూడో తీగను ఎంత లాగినా స్వరం ముందుకు పోదు. 1950ల్లో దొరికే సెట్లలో మూడో తీగకు చుట్టు ఉండేది. అందుకే అప్పటి కొందరు గిటారిస్టులు ఆరో తీగ పారేసి, మిగతావి ఒక్కో స్థానం కిందికి జరిపి, మొదటి తీగగా బాంజో తీగ వేసుకునేవారు. ఎర్నీ బాల్ 1960ల మొదట్లో స్లింకీ అనే సన్నటి తీగల సెట్లు తెచ్చాక ఆ తంటా పోయింది.

మనకు సంగీతం తెలిసిన చెవి ఉంది కాబట్టి ఇంకో మాట. బ్లూస్‌లో ప్రాణమైన గాంధారం మన సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఫ్రెట్ మీద అది దొరకదు, తీగ లాగి తెచ్చుకోవాల్సిందే. వీణలో తీగను పక్కకు లాగి గమకం తెచ్చినట్టే. తీగ మరీ బిగువుగా ఉంటే ఆ చిన్న లాగుడు మీద అదుపు ఉండదు. బ్లూస్ గిటారిస్ట్ ఆల్బర్ట్ కింగ్ రికార్డింగులు విను. ఎడమచేతి వాటంతో గిటార్ తిప్పి పట్టుకుని, శ్రుతి బాగా దించి, తీగను కిందికి లాగేవాడు. వాన్ బెండ్లలో సగం ఆయన దగ్గర నేర్చుకున్నవే.

గేజ్ తేల్చుకోవడానికి నేను పెట్టే పరీక్ష ఒకటే. మూడో తీగ ఏడో ఫ్రెట్ నొక్కి పూర్తి మెట్టు పైకి లాగు. రెండో తీగ ఐదో ఫ్రెట్ స్వరంతో అది కలవాలి. కలిశాక అక్కడే పట్టుకుని వైబ్రాటో ఇవ్వు, అంటే స్వరాన్ని చిన్నగా ఊపు. వరసగా పదిసార్లు స్వరం తప్పకుండా, మణికట్టు నొప్పి లేకుండా చేయగలిగితే ఆ గేజ్ నీదే. ఐదోసారికే జారిపోతుంటే ఒక గేజ్ తగ్గు. వేలు ముందుకెళ్ళిపోయి స్వరం దాటిపోతుంటే ఒక గేజ్ పెంచు.

చర్చి సంగతి. ఈ-ఫ్లాట్‌లో ఉన్న గిటార్‌కి మొదటి ఫ్రెట్‌లో క్యాపో పెడితే మళ్ళీ మామూలు ట్యూనింగే. కార్డులు ఏవీ మార్చుకోనక్కర్లేదు. క్యాపోని ఫ్రెట్ కమ్మీకి దగ్గరగా, మరీ గట్టిగా నొక్కకుండా పెట్టు, లేకపోతే తీగలన్నీ కాస్త పైకి పోతాయి. పెట్టాక ట్యూనర్‌తో ఒకసారి చూసుకో. క్యాపో లేని రోజు కీబోర్డ్ వాయించే అన్నని ట్రాన్స్‌పోజ్ ఒకటి తగ్గించమని అడుగు. హార్మోనియం వాళ్ళ లెక్కలో అయితే మామూలు గిటార్ ‘ఈ’ స్వరం మూడో శ్రుతి, నీది రెండున్నర. అలా చెబితే వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. పాడేవాళ్ళకు ఆ అర మెట్టు తగ్గడం చాలాసార్లు సుఖమే.

తీగలు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మన ఊళ్ళలో కొన్ని దుకాణాల్లో గిటార్ సెట్ అడిగితే అకౌస్టిక్ సెట్ చేతిలో పెడతారు. దాని బాస్ తీగల చుట్టు కంచు, అయస్కాంతానికి స్పందించదు. ఎలక్ట్రిక్ పికప్ మీద ఆ తీగలు బలహీనంగా వినిపిస్తాయి. మూడో తీగకు కూడా చుట్టు ఉంటుంది, బెండ్ రాదు. కావలి నుంచి ఒక అబ్బాయి అలాంటి 12 సెట్ వేసుకుని, స్ట్రాట్ బ్రిడ్జ్ పైకి లేచి నిలబడితే గిటార్ విరిగిందనుకుని కంగారుగా తెచ్చాడు. విరగలేదు. వెనకున్న స్ప్రింగులు అంత లాగుకు చాలక బ్రిడ్జ్ లేచింది, అంతే. కవర్ మీద నికెల్ అనీ, 10-46 అనీ ఉందో లేదో చూసి కొను.

సెటప్ లేకుండా గేజ్ మార్చకు. 09-42 సెట్ మామూలు శ్రుతిలో నెక్ మీద మొత్తం సుమారు 38 కిలోల లాగు పెడుతుంది. 10-46 ఈ-ఫ్లాట్‌లో 42 కిలోల దగ్గర ఉంటుంది, కాబట్టి నీ గిటార్‌లో పెద్దగా ఏమీ కదలదు. అదే వాన్ సెట్ వేస్తే ఈ-ఫ్లాట్‌లో కూడా ఇప్పటి లాగుకు దాదాపు ఒకటిన్నర రెట్లు. అప్పుడు నెక్ వంగుతుంది, బ్రిడ్జ్ లేస్తుంది, నట్ గాడుల్లో తీగ పట్టదు. తర్వాత 13 మోయలేక మళ్ళీ 09కి వస్తే, లావు తీగ కోసం అరగదీసిన గాడుల్లో సన్నటి తీగ గిలగిలలాడి బజ్ వస్తుంది, నట్ మార్చాల్సిందే. ఇలాంటి గిటార్లు నా దగ్గరికి తరచుగా వస్తాయి.

10 సెట్ వేశాక ఈ వరసలో చూసుకో. తీగలు ఒక్కొక్కటిగా మార్చు, అన్నీ ఒకేసారి తీసేయకు. శ్రుతి చేసి ఒక రోజు వదిలెయ్. ఆరో తీగను మొదటి ఫ్రెట్‌లోనూ పదిహేడో ఫ్రెట్‌లోనూ నొక్కి పట్టి, ఏడో ఫ్రెట్ దగ్గర సందు చూడు. విజిటింగ్ కార్డ్ పట్టేంత ఉంటే నెక్ బాగున్నట్టు. ఎక్కువుంటే ట్రస్ రాడ్ (నెక్ లోపలి ఇనప కడ్డీ) పావు చుట్టు బిగించి, కాసేపు ఆగి మళ్ళీ చూడు. ఒక్కసారిగా అర చుట్టు ఎప్పుడూ తిప్పకు, గట్టిగా పట్టేస్తే బలవంతం చేయకు. స్ట్రాట్ బ్రిడ్జ్ వెనక లేచినట్టు కనిపిస్తే వెనక మూత తీసి స్ప్రింగులు పట్టుకున్న రెండు స్క్రూలు సమానంగా కొంచెం బిగించు. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఆరో తీగ ఎత్తు 2 మిల్లీమీటర్లు, మొదటి తీగ దానికి కాస్త తక్కువ, బెండ్లకు అది బాగుంటుంది. మరీ కిందికి దించితే పాత తరహా గుండ్రటి ఫ్రెట్‌బోర్డ్ మీద బెండ్ మధ్యలో గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది.

చివర్లో ఇంటొనేషన్, అంటే పై ఫ్రెట్లలో కూడా స్వరం సరిగ్గా పలకడం. పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం), అదే ఫ్రెట్ నొక్కిన స్వరం రెండూ ట్యూనర్‌లో ఒకటే రావాలి. నొక్కిన స్వరం ఎక్కువ వస్తే శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) వెనక్కి, తక్కువ వస్తే ముందుకి. తీగ తిప్పేటప్పుడు నట్ దగ్గర టిక్ మని శబ్దం వస్తే గాడిలో పెన్సిల్ ముల్లు రుద్దు, చాలావరకు పోతుంది. పోకపోతే గాడిని సరైన నట్ ఫైల్ ఉన్న మనిషితోనే చేయించు. హ్యాక్‌సా బ్లేడ్‌తో రుద్దనివ్వకు.

తుప్పు విషయానికి వస్తే, అది నీ తప్పు కాదు, మన గాలి. ఒంగోలు, సింగరాయకొండ, కావలి, నెల్లూరు, అన్నీ సముద్రానికి దగ్గరే. ఉప్పుగాలి, ఉక్కపోత, చేతి చెమట, ఈ మూడూ చుట్టు లేని పై మూడు తీగల్ని ముందు తింటాయి. వాయించిన ప్రతిసారీ పొడి నూలు బట్టతో తీగ పైనా కిందా తుడువు. గిటార్‌ని కిటికీ పక్కన గోడకు వేలాడదీయకుండా కవర్‌లో పెట్టి, సిలికా జెల్ పొట్లాలు రెండు వెయ్. కొందరు కొబ్బరి నూనె రాస్తారు, వద్దు. దుమ్ము అంటుకుని చుట్టు తీగల గొంతు చచ్చిపోతుంది. పూత ఉన్న తీగలు, ఎలిక్సిర్ లాంటివి, ధర రెండు మూడు రెట్లు ఉన్నా మన వైపు వాటికి గిట్టుబాటు ఉంది. తుప్పు పట్టిన తీగ ఫ్రెట్లను కూడా అరగదీస్తుంది, ఫ్రెట్లు మార్చే ఖర్చుతో పోలిస్తే తీగల ఖర్చు తక్కువే. ఇంకొకటి, ఏసీ హాల్లో శ్రుతి చేసి బయట పందిట్లోకి వస్తే ఆ వేడికి తీగలు సాగి శ్రుతి దిగుతుంది. స్టేజీ ఎక్కాక అక్కడి గాలికి పది నిమిషాలు గిటార్‌ని వదిలి, అప్పుడు ట్యూన్ చెయ్.

ఇక స్లయిడ్. దీనికి ఓపెన్ ట్యూనింగులే అందం. ఓపెన్ డి అంటే ఆరో తీగ నుంచి మొదటి తీగ వరకు డి, ఏ, డి, ఎఫ్-షార్ప్, ఏ, డి. మన భాషలో స ప స గ ప స. ఓపెన్ జి అయితే డి, జి, డి, జి, బి, డి, అంటే ప స ప స గ ప. ఇలా చూస్తే గుర్తుపెట్టుకోవడం ఎంత తేలికో! ఎల్మోర్ జేమ్స్ స్లయిడ్ ఓపెన్ డిలో విను, మడ్డీ వాటర్స్ తొలి రోజుల స్లయిడ్ ఓపెన్ జిలో. కీత్ రిచర్డ్స్ ఆ ఓపెన్ జిలో ఆరో తీగే తీసేసి ఐదు తీగలతో వాయిస్తాడు. అందుకే ఆయన రిథమ్‌లో అంత గాలి ఆడుతుంది. డ్వేన్ ఆల్మన్, ఇప్పుడు డెరెక్ ట్రక్స్ ‘ఓపెన్ ఈ’ ట్యూనింగ్ వాడారు. అది ఓపెన్ డికే ఒక మెట్టు పైన.

నువ్వు మాత్రం ఓపెన్ డితో మొదలుపెట్టు. ‘ఓపెన్ ఈ’ కోసం మూడు తీగల్ని పైకి బిగించాలి, పాత గిటార్ నెక్ మీద బరువు పడుతుంది. ఓపెన్ డిలో ఏ తీగనూ పైకి లాగనక్కర్లేదు, నాలుగు కిందికే దిగుతాయి. అయితే 09 తీగలతో అంత కిందికి దించితే స్లయిడ్ ఆనగానే తీగ వెళ్ళి ఫ్రెట్‌కి తగులుతుంది. ఇక్కడ మాత్రం లావు తీగలు నిజంగా అవసరం, 11 గానీ 12 గానీ వెయ్. స్లయిడ్‌లో బెండ్ చేసే పని లేదు కాబట్టి వేళ్ళకు బాధ లేదు. యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగ ఎత్తు) కొంచెం ఎక్కువ పెట్టు. స్లయిడ్ సరిగ్గా ఫ్రెట్ కమ్మీ మీదుగా ఉండాలి, వెనక కాదు. దాని వెనకున్న వేళ్ళు తీగల మీద తేలిగ్గా ఆనాలి, లేకపోతే అనవసరమైన మోత.

స్లయిడ్ కొననక్కర్లేదు కూడా. డ్వేన్ ఆల్మన్ వాడింది జలుబు మాత్రల గాజు సీసా. లిటిల్ ఫీట్ బ్యాండ్ లోవెల్ జార్జ్ వాడింది స్పార్క్ ప్లగ్ సాకెట్. మెకానిక్ సామాన్లు అమ్మే కొట్లో నీ చిటికెన వేలికి పట్టే లోతైన సాకెట్ అడుగు. లోపల అంచులు గరుకుగా ఉంటే సన్నటి ఎమెరీ కాగితంతో రుద్దుకో. బరువు ఎక్కువుంటుంది కాబట్టి మొదట్లో చెయ్యి కొంచెం తడబడుతుంది, స్వరం మాత్రం ఎక్కువసేపు నిలుస్తుంది.

నెక్ సర్దడం దగ్గర అనుమానం వస్తే తీగలు వేశాక ఏడో ఫ్రెట్ సందు, పన్నెండో ఫ్రెట్ ఎత్తు, వెనక స్ప్రింగులు ఎన్ని ఉన్నాయో ఫోటోలు తీసి పెట్టు, చూసి చెబుతాను.